పక్కవాణ్ని తగ్గిస్తే మీరు పెరగరు!

సొంత జట్టులోనే పోటీ పడాల్సి వస్తే ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు? బందరు డాక్టరు గారి ఎన్నిక నుంచి బెజవాడ కార్పొరేషన్ దాకా రాజకీయం నేర్పే పాఠాలు ఉద్యోగార్థులకూ పనికొస్తాయి.

ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నారు. టెక్నికల్ ప్రశ్నలు అయిపోయాయి. ఇక లేవడమే అనుకుంటుండగా హెచ్‌ఆర్ మేనేజర్ చివరి ప్రశ్న వేశారు. ‘మీకన్నా ముందు వచ్చిన అభ్యర్థి మీ క్లాస్‌మేటే కదా! అతణ్ని కాదని మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలి?’

అతని సంగతి మీకు బాగా తెలుసు. రెండో ఏడాదిలో బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ప్రాజెక్టులో కోడింగ్ అంతా మీరు రాస్తే, అతను పీపీటీ చేసి పేరు వేసుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చేసింది. చెప్పేయాలా? మింగేయాలా?

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. ప్రత్యర్థి పార్టీ వాడితో పోట్లాడటం రాజకీయ నాయకులకు తేలికే. ఒకే జెండా కింద, ఒకే టికెట్ కోసం పక్కవాడితో పోటీ పడటమే కష్టం. రేపు ఆ టికెట్ ఎవరికి వచ్చినా ఇద్దరూ ఒకే వేదిక ఎక్కాలి. మీరూ అంతే. ఆ క్లాస్‌మేట్‌కూ మీకూ ఇద్దరికీ ఆఫర్ రావచ్చు. రేపు ఇద్దరూ ఒకే టీమ్‌లో, పక్కపక్క సీట్లలో కూర్చోవచ్చు. అందుకే పార్టీల లోపలి పోటీల్లో ఎవరు ఏం మాట్లాడారు, దాని ఫలితం ఏమైందో తెలుసుకోవడం కెరియర్‌కు కూడా అవసరమే.

టికెట్ పోరు ఎక్కడైనా ఒకటే

అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరన్నది పార్టీ మద్దతుదారులు ఓటేసి తేలుస్తారు. అవే ప్రైమరీలు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు కాంగ్రెస్ కొన్ని నియోజకవర్గాల్లో ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా చేసి చూసింది కానీ, అది నిలవలేదు. మన రాష్ట్రంలో టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. ఈమధ్య ఐవీఆర్‌ఎస్ సర్వేలు వచ్చాయి. ఫోన్ మోగుతుంది, ‘ఫలానా అభ్యర్థి కావాలంటే ఒకటి నొక్కండి’ అంటుంది. ఒకరకంగా మన ప్రైమరీ అదే.

ఓటు లేకపోయినా ప్రచారం మాత్రం తప్పదు. ఆశావహుల ఫ్లెక్సీలు, వాట్సప్ గ్రూపుల్లో పాత వీడియోలు, ‘ఆయనకు టికెట్ ఇస్తే ఓడిపోతాం’ అంటూ అధిష్ఠానానికి ఫిర్యాదులు... ఎన్నికల ముందు ఏ నియోజకవర్గంలో చూసినా కనిపించే దృశ్యాలే. తనకు ఎందుకు ఇవ్వాలో చెప్పడం కన్నా పక్కవాడికి ఎందుకు ఇవ్వకూడదో చెప్పడానికే ఎక్కువ సమయం పోతుంది. దీన్నే నెగెటివ్ క్యాంపెయిన్ అంటాం.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. దేశ చరిత్రలో పేరొందిన ఒక పార్టీ అంతర్గత ఎన్నికలో ఒక అభ్యర్థి మన కృష్ణా డెల్టా మనిషే.

1939: బందరు డాక్టరు వర్సెస్ సుభాష్ బోస్

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880లో ఇప్పటి ఏలూరు జిల్లా గుండుగొలనులో పుట్టారు. వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత దాన్ని వదిలేసి జాతీయోద్యమంలోకి వచ్చారు. 1923లో అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యేదాకా మన వీధుల్లో కనిపించిన బ్యాంకు అదే.

1938లో హరిపుర కాంగ్రెస్‌కు సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడు. మరుసటి ఏడాది కూడా తానే పోటీ చేస్తానన్నారు. అప్పటికి అధ్యక్ష ఎన్నిక అంటే పెద్దలు కూర్చుని ఒక పేరు అనుకోవడం, అందరూ సరే అనడం రివాజు. మొదట మౌలానా ఆజాద్ పేరు వచ్చింది. ఆయన తప్పుకొని పట్టాభికి దారిచ్చారు. గాంధీజీ మద్దతు పట్టాభికే. పోటీ ఖాయమైంది.

ఇక ప్రకటనల యుద్ధం మొదలైంది. ఇవాళ ట్వీట్లు ఎలాగో అప్పుడు పత్రికా ప్రకటనలు అలాగ. జనవరి 21న బోస్ తానెందుకు తప్పుకోవడం లేదో చెబుతూ ఒక ప్రకటన ఇచ్చారు. ఎన్నిక విధానాల మీద, కార్యక్రమాల మీద జరగాలన్నది దాని సారాంశం. మంచి మాటే. పటేల్, రాజేంద్రప్రసాద్ సహా ఏడుగురు వర్కింగ్ కమిటీ సభ్యులు ఆయన్ని పునరాలోచించుకోమంటూ ఉమ్మడి ప్రకటన విడుదల చేశారు. అధ్యక్ష పదవికి పోటీ వద్దని, ఏకగ్రీవమే సంప్రదాయమని వాదించారు. కమిటీ సభ్యులు ఇలా జట్టుకట్టి ఒక అభ్యర్థి పక్షం వహించడం న్యాయం కాదని బోస్ బదులిచ్చారు. అది కూడా సబబైన అభ్యంతరమే.

గొడవంతా తర్వాతి మాటతో వచ్చింది. బ్రిటిష్ వారు తెచ్చిన ఫెడరేషన్ పథకం మీద కాంగ్రెస్‌లోని మితవాద వర్గం ప్రభుత్వంతో రాజీ పడే అవకాశం ఉందని చాలామంది నమ్ముతున్నారని బోస్ అన్నారు. గమనించండి. అప్పటిదాకా చర్చ ‘ఏం చేయాలి’ అన్నదాని మీద నడిచింది. ఈ మాటతో అది ‘మీ ఉద్దేశం ఏమిటి’ అన్నదాని మీదకు మళ్లింది. జైళ్లకు వెళ్లొచ్చిన తోటి నాయకుల చిత్తశుద్ధినే శంకించినట్టయింది.

జనవరి 29న ఓటింగ్ జరిగింది. బోస్‌కు 1580, పట్టాభికి 1377 ఓట్లు. తేడా 203. పట్టాభి ఓటమి ఆయనది కన్నా తనదేనని గాంధీజీ ప్రకటించారు. ఈ వాక్యం పోటీ పరీక్షలు రాసేవాళ్లందరికీ తెలుసు. కానీ అదే ప్రకటనలో మరో మాట ఉంది. సహచరుల గురించి బోస్ చేసిన వ్యాఖ్యలు సమంజసం కావని గాంధీజీ తప్పుపట్టారు.

గెలిచారు సరే.. తర్వాత?

అసలు పాఠం ఇక్కడే ఉంది. ఫిబ్రవరి 22న వర్కింగ్ కమిటీలో 12 మంది సభ్యులు రాజీనామా చేశారు. మార్చిలో జబల్‌పూర్ దగ్గర త్రిపురిలో మహాసభ. బోస్ తీవ్ర జ్వరంతో స్ట్రెచర్ మీద వచ్చారు. అక్కడ గోవింద వల్లభ పంత్ పెట్టిన తీర్మానం నెగ్గింది. కొత్త వర్కింగ్ కమిటీని గాంధీజీ అభీష్టం మేరకే నియమించాలన్నది అందులో ఒక భాగం. పాత కమిటీ సభ్యుల మీద పడిన నిందలకు విచారం వ్యక్తం చేయడం మరో భాగం. అంటే ప్రచార వేడిలో అన్న ఒక మాట, గెలిచిన మనిషికి ఎదురుగా సభా తీర్మానమై నిలబడింది. ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా చేశారు. మూడు నెలల కిందట ఓట్లు ఇచ్చిన పదవి, కలిసి పనిచేసేవాళ్లు లేక చేజారింది. మే నెలలో ఆయన ఫార్వర్డ్ బ్లాక్ స్థాపించారు.

తప్పంతా బోస్‌దే అని దీని అర్థం కాదు. గెలిచినవాడికి పని చేసుకునే అవకాశం ఇవ్వకపోవడం అవతలి వర్గం లోపమని వాదించే చరిత్రకారులు ఉన్నారు. పోటీయే వద్దనడం కూడా సరైన పద్ధతి కాదు. కానీ ఒక్క విషయం మాత్రం స్పష్టం. సొంత జట్టులో పోటీ గెలవడం సగం పనే. గెలిచాక ఆ జట్టుతోనే పని చేయించుకోవాలి. ప్రచారంలో వాళ్ల మనసు విరిచేస్తే ఆ రెండో సగం జరగదు.

మరి ఓడిన పట్టాభి? క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో నెహ్రూ, పటేల్ వంటి వారితో పాటు జైలు జీవితం గడిపారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ పడి, పురుషోత్తందాస్ టాండన్‌పై స్వల్ప తేడాతో గెలిచారు. అప్పటికి ఆయన వయసు 68కి దగ్గర. భాషా ప్రయుక్త రాష్ట్రాలను పరిశీలించిన జేవీపీ కమిటీలో జె అంటే జవహర్‌లాల్, వి అంటే వల్లభభాయ్, పి అంటే పట్టాభి. ఒక ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లో సెలెక్ట్ కాలేదని కుంగిపోయే మిత్రులు ఈ తొమ్మిదేళ్ల విరామాన్ని గుర్తుపెట్టుకోవాలి.

బెజవాడలో ఏం జరిగింది?

ఇక మన కళ్లముందు జరిగినది చూద్దాం. 2021 మార్చి 10న విజయవాడ నగరపాలక సంస్థ ఎన్నికలు. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు తెలుగుదేశం నగర నాయకులు బొండా ఉమామహేశ్వరరావు, బుద్ధా వెంకన్న, నాగుల్ మీరా విలేకరుల ముందుకొచ్చి, తమ పార్టీ ఎంపీ కేశినేని నాని మీదే విమర్శలు గుప్పించారు. టీవీల్లో రోజంతా అదే వార్త. అధిష్ఠానం జోక్యం చేసుకుని సర్దుబాటు చేసింది. ఫలితాలొచ్చాక 64 డివిజన్లలో వైఎస్సార్‌సీపీ 49, తెలుగుదేశం 14, సీపీఎం 1 గెలిచాయి.

ఓటమికి ఆ ప్రెస్‌మీటే కారణమా? అలా చెప్పలేం. ఆ ఏడాది రాష్ట్రమంతా ఒకే గాలి వీచింది. కానీ ప్రత్యర్థికి దొరకాల్సిన విమర్శలన్నీ సొంతవాళ్లే సిద్ధం చేసి పెట్టారన్నది మాత్రం ఆనాడు టీవీ చూసిన ఎవరికైనా అర్థమైంది. కథ అక్కడితో ఆగలేదు. 2024 జనవరిలో, టికెట్ తనకు రాదని తేలాక నాని పార్టీ వీడి వైఎస్సార్‌సీపీలో చేరారు. తెలుగుదేశం ఆయన తమ్ముడు కేశినేని శివనాథ్‌ను నిలబెట్టింది. అన్నదమ్ముల మధ్య పోరులో శివనాథ్ 2.8 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ తర్వాత నాని క్రియాశీల రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు.

ఇద్దరు కొట్టుకుంటే మూడోవాడికి లాభం

అమెరికా ప్రైమరీల్లో ఇలాంటి ఉదాహరణలు ఎన్నో. 2004లో డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం అయోవా రాష్ట్రంలో తొలి పోటీ. హోవర్డ్ డీన్, డిక్ గెపార్ట్ ముందంజలో ఉన్నారు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు టీవీ ప్రకటనలతో విరుచుకుపడ్డారు. జనవరి 19న ఫలితం చూస్తే జాన్ కెర్రీకి 38 శాతం, జాన్ ఎడ్వర్డ్స్‌కు 32 శాతం. డీన్‌కు 18, గెపార్ట్‌కు 11 శాతమే. గెపార్ట్ మర్నాడే బరిలోంచి తప్పుకున్నారు. గొడవకు దూరంగా ఉన్న ఇద్దరికీ ఓట్లు వెళ్లిపోయాయి. పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు!

గ్రూప్ డిస్కషన్‌లో కూడా అచ్చం ఇలాగే జరుగుతుంది. ఇద్దరు గొంతు పెంచి వాదించుకుంటుంటే, మూడో వ్యక్తి నెమ్మదిగా ‘మీ ఇద్దరి వాదనలోనూ ఒక ఉమ్మడి అంశం ఉంది’ అంటాడు. మార్కులు అతనికే.

పరిశోధనలు కూడా దీన్నే చెబుతున్నాయి. రిచర్డ్ లావ్, మరో ఇద్దరు పరిశోధకులు నెగెటివ్ ప్రచారం మీద వచ్చిన 111 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2007లో ఒక నివేదిక ప్రచురించారు. ఇలాంటి ప్రచారం జనానికి ఎక్కువ గుర్తుంటుంది, నిజమే. కానీ దానివల్ల ఓట్లు పెరుగుతాయనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని వారు తేల్చారు. 1998లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మరో చిత్రమైన సంగతి కనుక్కున్నారు. మీరు ఇంకొకరి గురించి ‘అతను మోసగాడు’ అని చెబితే, వినేవాళ్ల మనసులో ఆ లక్షణం కొంత మీకే అంటుకుంటుందట! ఇంటర్వ్యూలో పక్కవాడి బద్ధకం గురించి మీరు రెండు నిమిషాలు మాట్లాడితే, బోర్డుకు గుర్తుండేది మీ పేరు పక్కన బద్ధకం అన్న మాట.

విమర్శే తప్పా?

కాదు. విమర్శ లేకపోతే ఎన్నికకు అర్థం లేదు, ఇంటర్వ్యూకూ అర్థం లేదు. తేడా చూపించకుండా ఎంపిక ఎలా జరుగుతుంది? గీత ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న. ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో ఒక చక్కని కొలబద్ద ఉంది. ఇతర పార్టీల విమర్శ వాళ్ల విధానాలు, కార్యక్రమాలు, గత పనితీరు వరకే ఉండాలి. వ్యక్తిగత జీవితం జోలికి పోకూడదు. రుజువు కాని ఆరోపణలు చేయకూడదు. అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద తెలిసీ అబద్ధం ప్రచారం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం-1951లోని 123(4) కింద అది అక్రమ చర్య. ఆ చట్టం పార్లమెంటు, శాసనసభ ఎన్నికలకే వర్తిస్తుంది. పార్టీ లోపలి పోటీకి, క్యాంపస్ పోటీకి ఎవరి గీత వాళ్లే గీసుకోవాలి.

2022 అక్టోబరు 17న కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ తలపడ్డారు. తమ అభ్యర్థిత్వం ఎందుకు మెరుగో థరూర్ చెప్పుకొన్నారు, ఎన్నిక నిర్వహణ మీద అభ్యంతరాలూ లేవనెత్తారు. ఖర్గేకు 7897, థరూర్‌కు 1072 ఓట్లు వచ్చాయి. ఫలితం రాగానే థరూర్ విజేతను అభినందించారు. మరుసటి ఏడాది ఖర్గే ఏర్పాటు చేసిన వర్కింగ్ కమిటీలో థరూర్‌కు చోటు దక్కింది. పద్ధతి మీద అభ్యంతరం చెప్పడం వేరు, మనిషిని చిన్నబుచ్చడం వేరు.

మీ వంతు వస్తే...

మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. హెచ్‌ఆర్ ఎదురుచూస్తున్నారు. రెండు జవాబులు చూడండి.

ఒకటి: ‘సర్, అతనికి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ప్రాజెక్టు మొత్తం నేనే చేశాను.’

రెండు: ‘మేమిద్దరం ఒకే ప్రాజెక్టులో పనిచేశాం సర్. అతను ప్రెజెంటేషన్ బాగా చేస్తాడు. డేటాబేస్, బ్యాకెండ్ కోడింగ్ నేను చూసుకున్నాను. మీరు తీసుకునే పోస్టు బ్యాకెండ్‌కే కాబట్టి నా పని దానికి దగ్గరగా ఉంటుంది.’

రెండో జవాబులో కూడా అదే సమాచారం ఉంది. కోడింగ్ ఎవరు చేశారో బోర్డుకు అర్థమైపోయింది. కానీ మీరు ఎవరినీ తిట్టలేదు. పైగా రేపు టీమ్‌లో ఎలా ఉంటారో కూడా చూపించారు. పాత కంపెనీ గురించి, పాత మేనేజర్ గురించి అడిగినా ఇదే సూత్రం.

మీ మీదే ఎవరైనా దుష్ప్రచారం మొదలుపెడితే ఏం చేయాలి? ప్లేస్‌మెంట్ సీజన్‌లో హాస్టల్ వాట్సప్ గ్రూపుల్లో ఇది మామూలే. ‘వాడి సర్టిఫికెట్ ఫేక్ అంట’ అని ఎవరో ఒకరు వదులుతారు. ఇవి గుర్తుంచుకోండి:

* వెంటనే గ్రూపులో ఎదురుదాడికి దిగొద్దు. మీ జవాబు స్క్రీన్‌షాట్ అయి మీకన్నా ముందే ప్లేస్‌మెంట్ ఆఫీసుకు చేరుతుంది.
* ఆరోపణ వాస్తవం మీద అయితే ఒక్కసారి, ఆధారంతో, సూటిగా జవాబివ్వండి. సర్టిఫికెట్ తీసుకుని నేరుగా ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను కలవండి.
* ఉద్దేశాల మీద, కులం మీద, కుటుంబం మీద అయితే గ్రూపులో జవాబు చెప్పొద్దు. స్క్రీన్‌షాట్ దాచుకుని కాలేజీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.
* ఆ విమర్శలో నిజం ఉంటే ఒప్పుకోండి. ‘రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోయాయి, మరుసటి సెమిస్టర్‌లో పాసయ్యాను’ అని మీరే చెప్పేస్తే ఇక ఆయుధం ఎవరి చేతిలోనూ ఉండదు.

అవతలివాడు నిజంగానే తప్పు చేశాడనుకోండి. నకిలీ సర్టిఫికెట్ పెట్టాడని మీ దగ్గర ఆధారం ఉంది. అప్పుడు మౌనంగా ఉండటం మంచితనం కాదు. కానీ చెప్పాల్సింది చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు, మీ పేరుతో. గ్రూపుల్లో, చాటుమాటున కాదు. ఫిర్యాదుకూ చాడీకీ అదే తేడా.

ప్రచారమే ఉద్యోగమైతే

ఈ రంగంలోనే ఉద్యోగాలు కూడా ఉన్నాయి. 2019 ఎన్నికల్లో ఐప్యాక్ వైఎస్సార్‌సీపీకి పనిచేసినప్పటి నుంచి రాజకీయ కన్సల్టెన్సీ అన్నమాట మన కాలేజీ కుర్రాళ్లకు బాగా పరిచయమైంది. క్షేత్రస్థాయి సర్వేలు, డేటా విశ్లేషణ, తెలుగు కంటెంట్ రాయడం, వీడియో ఎడిటింగ్, సోషల్ మీడియా నిర్వహణ... పొలిటికల్ సైన్స్, జర్నలిజం, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు, తెలుగు మీద పట్టున్నవాళ్లకు అవకాశాలుంటాయి. ఎన్నికల సీజన్ అయ్యాక పని తగ్గిపోతుందన్నది కూడా ముందే తెలుసుకోవాలి.

చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: నాతో ఏం రాయిస్తారు? ప్రత్యర్థి రికార్డును పోల్చి చూపించడం వృత్తి. ఫేక్ అకౌంట్ తెరిచి ఇంకొకరి పేరుతో పోస్టులు పెట్టడం నేరం. ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహిత 356 కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది. నాయకులు రేపు రాజీపడి ఒకే వేదిక మీద దండలు మార్చుకుంటారు. కేసు మాత్రం అకౌంట్ తెరిచిన కుర్రాడి మీదే ఉండిపోతుంది. పోలీస్ వెరిఫికేషన్ అడిగే ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసే రోజున అది ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది.

ఒకే కాలేజీ నుంచి, ఒకే బస్సెక్కి, ఒకే కంపెనీ గేటు ముందు లైన్లో నిలబడతారు మీరంతా. ఆ లైన్లో ముందున్నవాడు ఇవాళ మీ పోటీదారు. ఐదేళ్ల తర్వాత మీ రెజ్యూమెను తన మేనేజర్‌కు పంపే రిఫరెన్స్ కూడా అతనే కావచ్చు. అతని గురించి ఇవాళ మీరు ఏమన్నారన్నది ఆ రోజుకి అతనికి గుర్తుంటుంది.